పూర్వకవి గౌరవము - స్వీయమార్గము

పూర్వకవిని పూజించువాడు పూర్వకవివలెనే వ్రాయవలయునా? ఈ ప్రశ్న ప్రతి తరమునందును కవులను బాధించునదియే. ఆంధ్ర మహాభారత రచనాచరిత్రమునందు దీనికి రెండు విధములైన సమాధానములు కలవు.

11వ శతాబ్దియందు రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. ఆది, సభాపర్వములను ముగించి, అరణ్యపర్వము నాల్గవ ఆశ్వాసము నడుమ నిలిచిపోయెను. అప్పటికే పద్యగద్యముల కలయిక, సంస్కృతపద గాంభీర్యము, అక్షరరమ్యత తెలుగు కావ్యమునకు ఒరవడిగా ఏర్పడియుండెను.

13వ శతాబ్దియందు నెల్లూరి మనుమసిద్ధి కొలువున నుండిన తిక్కన ఆ ఒరవడిని ఎరుగనివాడు కాడు. వచనమే లేకుండ నిర్వచనోత్తర రామాయణము రచించి ప్రభువునకు అంకితమొసగిన ప్రయోగశీలి ఆతడు. అట్టివాడు భారతమునకు వచ్చునప్పటికి ఆ నియమమును విడిచి, నన్నయ స్థాపించిన చంపూరూపమునే చేపట్టెను. అయినను అర్ధాంతరముగా నిలిచిన అరణ్యపర్వమును ముట్టక విరాటపర్వముతో ఆరంభించి, స్వర్గారోహణపర్వము వరకు పదునైదు పర్వములను పూర్తిచేసెను. అవతారికయందు నన్నయను మహితాత్ముడని స్తుతించి, మొదటి మూడు కృతులును ఆతనివే యనెను; అసంపూర్ణమైన దానిని సైతము ఆ మహాకవి లెక్కలోనే చేర్చెను. ఆ ఖాళీని విడుచుటకు కారణములుగా పుట్టిన కథలు అనేకము. కారణమేదైనను, మరియొకరి వాక్యము తుదకు తన వాక్యమును అతికింపవలసిన అగత్యము తిక్కనకు తప్పెను.

ఆమీద ఆతని త్రోవ ఆతనిదే. నన్నయ కథను చెప్పును. తిక్కన పాత్రలచేత మాటలాడించును. కీచకుని వలన అవమానము పొంది వంటయింట భీముని చేరిన ద్రౌపది, రాయబారమునకు ముందు శ్రీకృష్ణుని యెదుట తన జుట్టు చూపి నిలిచిన ద్రౌపది, ఇందుకు సాక్షులు. అచ్చతెలుగు పలుకుబడి ఆ సంభాషణములకు ప్రాణము. కృతిభర్తగా కూడ ఆతడు రాజును గాక హరిహరనాథుని వరించెను.

14వ శతాబ్దియందు అద్దంకి ప్రోలయవేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన మరియొక మార్గము త్రొక్కెను. అరణ్యపర్వశేషమును నన్నయ రచనారీతినే పూరించుచున్నట్లు చెప్పి, దానిని రాజరాజనరేంద్రునకే అంకితముచేసెను. ఆ రాజు పరిపాలన 1061 ప్రాంతమున ముగిసినది. రెండున్నర శతాబ్దులకు పూర్వమే గతించిన ప్రభువు ఈయగల సన్మానమేమి? ఇది కేవలము గురుదక్షిణ. నన్నయ నడకతో మొదలై ఆ రచన క్రమముగా తిక్కన వైపునకు సాగినదని విమర్శకులు గుర్తించిరి.

అయితే ఎఱ్ఱన ఆ అనుసరణమునకు హద్దు ఏర్పరచుకొనెను. హరివంశమును తన ప్రభువైన వేమారెడ్డికి, నృసింహపురాణమును అహోబల నరసింహునకు అంకితమొసగెను. నృసింహపురాణమునందలి వర్ణనావిస్తారము రాబోవు ప్రబంధయుగమునకు దారిచూపెను. ప్రబంధపరమేశ్వరుడను బిరుదు ఆతనికి తగినట్టిదే.

ఒకడు గురువు విడిచిన చోటును ముట్టక గౌరవించెను. మరియొకడు దానిని పూరించి గౌరవించెను. ఇరువురిలో ఎవ్వరును తమ సొంత గొంతును గురువునకు కానుకగా ఈయలేదు. వంతపాడుటయే భక్తియైనచో తెలుగువారికి నన్నయ యొక్కడే చాలును. కవిత్రయమను మాట పుట్టియే యుండదు.