ఓర్వకల్లు – గన్నవరం విమాన మార్గం

కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కృష్ణా జిల్లా గన్నవరం విమానాశ్రయాల మధ్య ఆకాశ దూరం సుమారు 296 కిలోమీటర్లు. ఇండిగో సంస్థ 2025 జూలై 2న ఈ మార్గంలో వారానికి మూడు రోజుల సర్వీసుగా విమానాలు మొదలుపెట్టింది. ప్రయాణ సమయం గంటకు కాస్త అటూ ఇటూ. టికెట్టు మీద కర్నూలు, విజయవాడ అని ఉన్నా, రెండు రన్‌వేలూ ఆయా నగరాలకు ఇరవై కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్నాయి.

ఓర్వకల్లు విమానాశ్రయానికి ప్రారంభోత్సవాలు రెండు జరిగాయి. 2019 జనవరిలో చంద్రబాబు నాయుడు, 2021 మార్చి 25న జగన్మోహన్ రెడ్డి రిబ్బను కత్తిరించారు. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టింది రెండోసారి. 2021 మార్చి 28న ఉడాన్ పథకం కింద బెంగళూరు, విశాఖపట్నం, చెన్నై సర్వీసులు మొదలయ్యాయి. నేరు దూరంలో బెంగళూరు సుమారు 283, చెన్నై 372, విశాఖ 583 కిలోమీటర్లు. రన్‌వే పొడవు 2,000 మీటర్లు. 78 సీట్ల ఏటీఆర్ విమానానికి అది చాలు.

ఆ విమానం గంటకు ఐదు వందల కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆ లెక్కన గన్నవరం ముప్పై ఆరు నిమిషాల్లో రావాలి. రాదు. రన్‌వే దాకా నేల మీద సాగడం, పైకెక్కడం, దిగే ముందు వేగం తగ్గించి వరుసలోకి రావడం కలిపి మిగతా సమయం తినేస్తాయి. మార్గం ఎంత చిన్నదైతే ఈ భారం అంత ఎక్కువ.

దూరాన్ని అక్షాంశ రేఖాంశాల నుంచి గోళం మీద కొలుస్తారు. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 107 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువం దాపున, నార్వే వారి లాంగియర్‌బయెన్ విమానాశ్రయం దగ్గర అది 23 కిలోమీటర్లే. అక్కడి దూరాలను గోడ మీది పటం చూసి అంచనా వేస్తే బోల్తాపడక తప్పదు; రాయలసీమలో ఆ తేడా పట్టించుకోనంత చిన్నది.

నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా నుంచి విజయవాడ వెళ్లేవారికి అసలు చిక్కు దూరంలో కాదు, దిక్కులో ఉంది. ఊరు కర్నూలు–గుంటూరు రోడ్డు మీదే ఉంది. బస్సెక్కితే ఆత్మకూరు, నల్లమల అడవి, దోర్నాల, వినుకొండ మీదుగా తూర్పుకే పోవచ్చు. విమానం కావాలంటే మొదట పడమరకు తిరగాలి: నందికొట్కూరు, కర్నూలు దాటి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు. నేరుగా కొలిస్తే ముప్పై కిలోమీటర్ల లోపు. పెద్ద రోడ్డున పోతే దానికి రెట్టింపు. తీరా లేచిన విమానం గీత గీసినట్టు పోతే, మళ్లీ జూపాడు బంగ్లాకు కాస్త దక్షిణంగానే తూర్పుకు సాగుతుంది.

రోడ్డు మీద గంటన్నర, ముందుగా చేరాల్సిన గంట, గాలిలో గంట, గన్నవరం నుంచి బెజవాడకు ముప్పావు గంట కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. ఘాట్ రోడ్డు బస్సు మీద మిగిలేది రెండు గంటలు, అదీ విమానం ఉన్న రోజునే.