ముంపును తట్టుకునే వరి: విశ్వవిద్యాలయ పరిశోధన పొలానికి ఎలా చేరింది?

“యూనివర్సిటీల్లో జరిగే పరిశోధనతో మాకేం ఒరిగింది?” అని గ్రామాల్లో మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. స్వర్ణ–సబ్1 వరి రకం దానికి మంచి సమాధానం.

సమస్య ఏమిటి?

స్వర్ణ (ఎం.టి.యు. 7029) పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధన స్థానం నుంచి 1982లో విడుదలైంది. మంచి దిగుబడి వల్ల ఒడిశా, పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ దాకా విస్తరించింది. అయితే వారానికి మించి పూర్తిగా మునిగితే పైరు దక్కేది కాదు. మునిగిన మామూలు వరి గాలి కోసం పైకి సాగుతుంది. ఆ తొందరలో మొక్కలో నిల్వ ఉన్న శక్తి అయిపోయి, నీరు తీసేసరికి పడిపోతుంది.

పరిష్కారం ఎలా దొరికింది?

ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే పాత రకం దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది, కానీ దిగుబడి తక్కువ. ఈ గుణం తొమ్మిదో క్రోమోజోముపై ఉందని అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1996లో తేల్చారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థతో కలిసి 2006లో ఆ జన్యువునే గుర్తించారు. ఇది ఉన్న మొక్క మునిగినప్పుడు ఎదుగుదల ఆపి శక్తిని దాచుకుంటుంది, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఆ గుణాన్ని స్వర్ణలోకి సంకరణం ద్వారా తెచ్చారు. 2009లో మన దేశంలో సాగుకు విడుదల చేశారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, హైబ్రిడ్ కూడా కాదు. సొంత విత్తనం కట్టుకోవచ్చు.

సాగులో గుర్తుంచుకోవలసినవి

• విత్తిన వెంటనే గానీ, పూత దశలో గానీ వచ్చే ముంపును ఈ రకం తట్టుకోలేదు. వారాల తరబడి నీరు నిలిచిపోయే పొలాలకూ పనికిరాదు.
• నీరు తగ్గగానే ఆకులు కుళ్లి, పైరు చచ్చిపోయినట్లు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే తొందరపడి దున్నేస్తారు. వారం, పది రోజులు ఆగి కొత్త చిగురు కోసం చూడండి.
• నీరు తీసిన వెంటనే యూరియా వేయకండి. పిలక దశలోని పైరు కొత్త ఆకులు వేశాక ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయండి.
• ముంపుకు గురైన పైరు కొన్ని రోజులు ఆలస్యంగా పూతకు వస్తుంది. తర్వాతి పంటకు ఆ మేరకు ప్రణాళిక వేసుకోండి.

మీ వంతు ఏమిటి?

గుణం ఎక్కడుందో తేలినప్పటి నుంచి విత్తనం చేతికి రావడానికి పదమూడేళ్లు పట్టింది. అందుకే రేపటి సమస్యను ఈరోజే చెప్పాలి. పంట దెబ్బతిన్నప్పుడు రకం, వయసు, ఎన్ని రోజులు మునిగింది రాసి ఉంచుకొని మీ వ్యవసాయ అధికారికి గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తెలియజేయండి. మీ ఊళ్లో ముంపుకో, చౌడుకో, బెట్టకో తట్టుకున్న పాత రకం గింజలు ఎవరి దగ్గరైనా ఉంటే వాటిని పోనివ్వకండి. ఒడిశా రైతులు తరతరాలుగా నిలుపుకున్న ముంపు రకాలే లేకపోతే, ఏ విశ్వవిద్యాలయానికీ ఆ గుణం దొరికేది కాదు.