బిల్లు మీరే కొట్టుకోండి

2025 దసరాకి ముందు ఆదివారం. నాన్నా, నేనూ ఉప్పల్ దగ్గర్లో ఓ సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. పేరెందుకు లెండి, మీరు వెళ్ళే కొట్టు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. పండగ రద్దీ. బిల్లింగ్ కౌంటర్ల ముందు క్యూలు పప్పుల బస్తాల దాకా వచ్చేశాయి. ఓ మూల రెండు సెల్ఫ్ చెకౌట్ మిషన్లు మాత్రం పిలవని పేరంటానికి వచ్చినట్టు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాయి.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, మిషన్ కనబడితే చేతులు ఊరుకోవు. "రా నాన్నా, రెండు నిమిషాల్లో ఐపోతుంది" అని లాక్కెళ్ళా. నేను ఒక్కో వస్తువూ ఎర్రలైటుకి చూపించడం, నాన్న పక్కన పెట్టడం. నాలుగైదు వస్తువులు బాగానే వెళ్ళాయి. ఈలోగా నాన్న తన గుడ్డసంచీ మడత విప్పి మిషన్ పక్కనున్న పళ్ళెంలో పెట్టారు. అంతే! మిషన్ నెత్తి మీద ఎర్రదీపం వెలిగింది. ఏదో ఇంగ్లీషులో అంది. మళ్ళీ అంది. చుట్టూ క్యూల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. సెక్యూరిటీ అతను వచ్చి, నాన్న చేతిలోంచి సంచీ తీసుకుని తలకిందులు చేసి దులిపాడు. ఓ పాత బస్సు టికెట్టు, రబ్బరు బ్యాండు రాలాయి. "మిషన్ అట్లనే అంటది సార్" అని వెళ్ళిపోయాడు. పాపం అతని తప్పేమీ లేదు.

దారిలో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. నాచారం ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగాక అన్నారు: "ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు గేటు దగ్గర నా టిఫిన్ బాక్సు విప్పి చూశారురా. అది ఉద్యోగం, వాళ్ళు నాకు జీతం ఇచ్చారు. ఇక్కడ నేను కదా డబ్బులిచ్చింది?"

నాన్న ఐడీఏ నాచారంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఈ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ పూట నేను మిషన్ తరఫున ఏదో వాదించబోయా కానీ, తర్వాత ఈ బిల్లు మిషన్ల చరిత్ర కాస్త తిరగేస్తే నాన్న అన్నదే అసలు సంగతి అనిపించింది.

ముందు ఆ ఎర్రదీపం కథ చెప్పేస్తా. ఆ పళ్ళెం కింద ఓ కాటా ఉంటుంది. ఏ బార్‌కోడ్ వస్తువు ఎంత బరువుండాలో కంప్యూటర్ దగ్గర పట్టీ ఉంటుంది. సబ్బు చూపిస్తే సబ్బంత బరువే పెరగాలి. ఎక్కువ పెరిగితే మీరు చూపించకుండా ఇంకేదో పెట్టినట్టు, పెరగకపోతే చూపించింది జేబులో వేసుకున్నట్టు. గుడ్డసంచీ బరువు ఆ పట్టీలో లేదు. 'నా సంచీ నేనే తెచ్చుకున్నా' అని చెప్పే బటన్ ఒకటి తెర మీద ఉంటుంది, ముందే నొక్కాలి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ప్లాస్టిక్ వద్దు, సంచీ తెచ్చుకోండి అని బోర్డులు పెట్టి, తెచ్చుకున్నవాడి మీద సైరన్ మోగించడం ఏం డిజైనో!

ఇప్పుడు అసలు చరిత్ర. గల్లాపెట్టెకి బదులు మిషన్ పెట్టడం మొదలైందే అనుమానంతో. అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో జేమ్స్ రిటీ అని ఒకాయనకి సారా కొట్టు ఉండేది. పనివాళ్ళు వచ్చిన డబ్బు గల్లాలో వేయకుండా జేబులో వేసుకుంటున్నారని ఆయన బాధ. ఓసారి ఓడ ప్రయాణంలో ప్రొపెల్లర్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రం చూసి, ఇదేదో మన డబ్బుకీ పనికొస్తుందే అనుకున్నాడట. 1879లో సోదరుడితో కలిసి పేటెంట్ తీసుకున్నాడు. ఆ యంత్రానికి పెట్టుకున్న పేరు 'లంచానికి లొంగని క్యాషియర్' అని అర్థం వచ్చేది. ఆ వ్యాపారమే చేతులు మారి ఎన్‌సీఆర్ కంపెనీ అయింది. ఆ గల్లా యంత్రాలు లెక్క పడగానే గంట కొట్టేవి. అది కొనేవాడి కోసం కాదు, వెనక గదిలో ఉన్న యజమానికి వినబడాలని.

మన కిరాణాకొట్టుకి ఆ గంట అవసరం పడలేదు. గల్లా దగ్గర కూర్చునేది యజమానే కాబట్టి. 1980ల్లో నాచారంలో మా సందు చివర ఓ సేటు కొట్టు ఉండేది. అమ్మ చీటీ రాసిస్తే నేను పట్టుకెళ్ళేవాణ్ణి. లోపల కుర్రాడు ఒక్కొక్కటీ తూచి, కాగితంలో పొట్లం కట్టి, పురికొస పైనించి లాగి చుట్టి అవతల పారేసేవాడు. సేటు బారుగా ఉన్న ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. "రాసుకున్న, నాయినకు చెప్పు బాబూ" అనేవాడు. నెల మొదట్లో నాన్న జీతం రాగానే లెక్క తీర్చేవారు. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నాకు ఆ కొట్టు మీద మమకారం ఉంది కానీ, ఆ తూకం మీద అమ్మకి ఎప్పుడూ నమ్మకం లేదు. ఇంటికి తెచ్చాక కందిపప్పు గ్లాసుతో కొలిచేది. అప్పు పెట్టినంత కాలం "తక్కువొచ్చింది సేటూ" అని గట్టిగా అనలేకపోయేది. నమ్మకం ఊరికే రాలేదన్నమాట :-)

సామాను మనమే తీసుకోవడం అనేది 1916 సెప్టెంబరులో అమెరికాలో మెంఫిస్ పట్నంలో మొదలైంది. క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అనే తమాషా పేరుతో కొట్టు తెరిచాడు. అప్పటిదాకా అక్కడా మన సేటు కొట్టు పద్ధతే. ఈయన గుమాస్తాలని తగ్గించేసి, జనం చేతికి బుట్టలిచ్చి, అలమరాల మధ్య ఒకే దారి పెట్టి, మొదట్లో తిరిగే గేటు, చివర్లో గల్లా పెట్టాడు. జనం తమ పని తామే చేసుకుంటూ సంబరపడ్డారు, ధర తగ్గింది కాబట్టి. ఆయనకి అక్కడితో ఆశ తీరలేదు. 1937లో కీడూజిల్ అని ఇంకోటి తెరిచాడు. గాజు వెనక సరుకు, చేతిలో ఓ తాళంచెవి లాంటిది. కావలసినదాని దగ్గర దాన్ని దూర్చితే, బెల్టుల మీద సరుకు గల్లా దగ్గరికి రావాలి. రద్దీ వేళల్లో యంత్రాలు తట్టుకోలేకపోయేవి, కొట్టు మూతపడింది. రిలీజు రోజు సర్వర్ పడిపోవడం మా తరంతో మొదలవలేదని కాస్త ఊరట.

హైదరాబాదులో త్రినేత్ర సూపర్ మార్కెట్లు 1980ల్లోనే వచ్చాయి. 2001లో ఆబిడ్స్‌లో బిగ్ బజార్, 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్. 2007లో త్రినేత్రని ఆదిత్య బిర్లా వాళ్ళు కొనేశారు. మేము చూసిన తేడా ఏంటంటే, సరుకు ముట్టుకోవడానికి మనకి అధికారం వచ్చింది, దాంతోపాటే మన మీద కాపలా వచ్చింది. సంచీ బయట పెట్టి టోకెన్ తీసుకోవాలి. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర బిల్లుకి చిల్లు పెట్టించుకోవాలి. అప్పుడు ఎవరం పెద్దగా పట్టించుకోలేదు, అందరికీ చిల్లు పెడతారు కాబట్టి.

ఇహ బార్‌కోడ్. 1974 జూన్ 26న అమెరికాలో ట్రాయ్ అనే చిన్న ఊళ్ళో, మార్ష్ సూపర్ మార్కెట్‌లో 67 సెంట్ల చూయింగ్ గమ్ ప్యాకెట్టుతో శ్రీకారం చుట్టారు. స్కానర్ ఎవరిదంటారా, మన పాత ఎన్‌సీఆర్ వాళ్ళదే. మన దేశంలో నంబర్లిచ్చే సంస్థ 1996లో వచ్చింది. వాళ్ళిచ్చే నంబర్లు 890తో మొదలవుతాయి, వంటింట్లోకి వెళ్ళి ఏ బిస్కెట్ ప్యాకెట్టైనా చూసుకోండి. పదేళ్ళ క్యాషియర్ అనుభవం ఆ గీతలతో రెండు గంటల శిక్షణ అయిపోయింది. అంత తేలికైన పని మనమే చేసుకుంటే పోలా అనే ఆలోచన రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1986లో అట్లాంటా దగ్గర క్రోగర్ కొట్టులో చెక్‌రోబో అనే మిషన్ పెట్టారు, డేవిడ్ హంబుల్ అనే ఆయన తయారీ. అందులోనూ వస్తువులు మనం చూపించుకోవాలి, డబ్బు మాత్రం ఓ మనిషి దగ్గర కట్టాలి.

ఇప్పుడు వరస చూడండి. 1879లో మిషన్ గుమాస్తాని అనుమానించింది. 1986కి వచ్చేసరికి గుమాస్తా పని మనకి అప్పగించారు. పనితోపాటు గుమాస్తా మీదుండే అనుమానాన్ని కూడా మనకే అప్పగించారు. జీతం మాత్రం ఇవ్వలేదు. నాన్న మంచినీళ్ళు తాగి ఒక్క ముక్కలో చెప్పింది ఇదే.

పైగా మన దేశంలో ఆ పని చెప్పినంత తేలిక కాదు. 1990 నుంచి ప్యాకెట్ మీద పన్నులన్నీ కలిపి ఎమ్మార్పీ వేయాలని రూలు. ధర మారినా బార్‌కోడ్ చాలాసార్లు అదే ఉంటుంది. అంటే ఒకే అలమరాలో, ఒకే గీతలతో, రెండు ధరల ప్యాకెట్లు. క్యాషియర్‌కి తెర మీద 'ఏ ఎమ్మార్పీ?' అని అడుగుతుంది, ఆ అమ్మాయి ప్యాకెట్ తిప్పి చూసి నొక్కుతుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. మేము వెళ్ళింది సరిగ్గా ఆ వారమే. పాత ధర, కొత్త ధర, మీద అతికించిన స్టిక్కరు. ఇందులో ఏది నొక్కాలో కొనేవాడికి వదిలేస్తే, తప్పు నొక్కినవాడు దొంగా, అమాయకుడా? కొత్తిమీర కట్టకైతే గీతలే లేవు.

మిషన్లంటే నాకు కోపమని అనుకోకండి. ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో (2017 నవంబరు 29న జనానికి తెరిచారు) టికెట్ మిషన్‌తో నాకు ఏ పేచీ లేదు. ఒకటే సరుకు, ఒకటే ధర, డబ్బిస్తేనే గేటు తెరుచుకుంటుంది. ఎవరూ ఎవర్నీ అనుమానించాల్సిన పని లేదు. మా ఆవిడ ఇంకో సంగతి చెప్పింది, నాకు తట్టనిది. చిన్నప్పుడు ప్యాడ్లు కొనాలంటే కొట్టులో మగవాళ్ళు లేని సమయం చూసి వెళ్ళేదట. కుర్రాడు దాన్ని బాంబులాగా కాగితంలో చుట్టి ఇచ్చేవాడట. "మిషన్ నా మొహం చూడదు, నాకు అదే హాయి" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఐతే మన దగ్గర మిషన్ పక్కన మనిషి చేరడం ఓ పాత ఆచారం. రైల్వే వాళ్ళు స్టేషన్లలో టికెట్లు మనమే తీసుకునే మిషన్లు పెట్టారు. జనం వాటి దగ్గరికి వెళ్ళడానికి జంకితే, రిటైరైన రైల్వే ఉద్యోగుల్ని కమిషన్ మీద పక్కన నిలబెట్టారు. మనం ఊరు పేరు చెబుతాం, ఆయన నొక్కి టికెట్ ఇస్తాడు. స్వయంసేవ మిషన్‌కి సేవకుడన్నమాట! నవ్వుకున్నా గానీ క్యూ మాత్రం చకచకా కదులుతుంది. పెట్రోలు బంకుల్లోనూ మనం పైపు ముట్టుకోం. అమెరికాలో 2018లో అమెజాన్ గో అని అసలు బిల్లే లేని కొట్టు తెరిచారు, తీసుకుని నడిచి వెళ్ళిపోవడమే, పైన కెమెరాలు చూసుకునేవి. ఆ కెమెరాల వెనక ఇండియాలో వెయ్యి మంది దాకా కూర్చుని చూస్తున్నారని 2024లో వార్తలొచ్చాయి. వాళ్ళు కంప్యూటర్‌కి నేర్పడానికే తప్ప ప్రతి కొనుగోలూ చూడటానికి కాదని కంపెనీ అంది. ఏదైతేనేం, గల్లా దగ్గర మనిషి పోయాడనుకుంటే వేల మైళ్ళవతల మనవాళ్ళ దగ్గర తేలాడు. ఇంగ్లండులో బూత్స్ అనే సూపర్ మార్కెట్ వాళ్ళైతే 2023లో చాలా కొట్లలో ఈ మిషన్లు తీసేసి మనుషుల్ని పెట్టుకున్నారు.

నన్నడిగితే ఉప్పల్, నాచారం సందుల్లో గెలిచిన బిల్లు మిషన్ అసలు వేరే ఉంది. 2016లో యూపీఐ వచ్చింది. గోడకో క్యూఆర్ కాగితం, మనమే స్కాన్ చేసి, మనమే అంకె కొట్టి, మనమే కడతాం. ఇదీ స్వయంసేవే కదా. ఉత్తుత్తి స్క్రీన్‌షాట్లు చూపించి పోయేవాళ్ళు బయల్దేరాక, డబ్బు పడగానే పైకి చెప్పే చిన్న డబ్బా వచ్చింది. 2024 నుంచి ఫోన్‌పే డబ్బాలో మహేష్ బాబు గొంతు కూడా పెట్టుకోవచ్చు. నాచారం చౌరస్తా దగ్గర మిర్చి బజ్జీల బండి మీద ఆ డబ్బా అరిచినప్పుడల్లా నాకు జేమ్స్ రిటీ గంట గుర్తొస్తుంది. కాకపోతే బజ్జీలాయన అనుమానించేది నన్నొక్కణ్ణే కాదు. అందరికీ ఒకే గంట, ఎర్రదీపం లేదు, సంచీ దులపడం లేదు. మోగకపోతే "ఇంకా రాలే అన్నా" అంటాడు, ఇద్దరం కలిసి ఫోన్లోకి చూస్తాం.

పోయిన ఆదివారం అదే సూపర్ మార్కెట్‌కి ఒక్కణ్ణే వెళ్ళా. నాన్న రానన్నారు, చీటీ రాసిచ్చారు. మిషన్లలో ఒకదాని మీద 'పని చేయుట లేదు' అని కాగితం అతికించి ఉంది. రెండోదాని దగ్గర యూనిఫాం వేసుకున్న ఓ అమ్మాయి నిలబడి, వచ్చినవాళ్ళ బుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి తనే ఎర్రలైటుకి చూపిస్తోంది. నలుగురం క్యూలో ఉన్నాం. నా వంతు వచ్చాక గుడ్డసంచీ బయటికి తీశా. ఆ అమ్మాయి తెర మీద ఏదో మూలనున్న బటన్ టక్కున నొక్కి, "ఇప్పుడు పెట్టండి సార్" అంది.