నిషేధపు అంచుదాకా వెళ్లి తిరిగి వచ్చిన మందు

ఒక మందు వల్ల హాని జరిగిందని వినగానే అది చెడ్డ మందని మనం తీర్పు చెప్పేస్తాం. వైద్య చరిత్ర మాత్రం మరో ప్రశ్న వేస్తుంది: ఎవరికి, ఎంత మోతాదులో? బ్యుప్రోపియాన్ కథ ఈ ప్రశ్న విలువను చక్కగా తెలుపుతుంది.

అమెరికాలోని బరోస్ వెల్‌కమ్ సంస్థలో పనిచేసిన భారత సంతతి రసాయన శాస్త్రవేత్త నరిమన్ మెహతా 1969లో దీనిని రూపొందించారు. కుంగుబాటుకు వాడే మందుల్లో అనేకం సెరొటోనిన్‌పై పనిచేస్తాయి. ఇది ముఖ్యంగా డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్‌లపై పనిచేస్తుంది. అందుకే దీనిది ప్రత్యేక వర్గం. మగత, బరువు పెరగడం, లైంగిక ఇబ్బందులు దీనితో తక్కువ.

1985లో అమెరికా ప్రభుత్వం దీనికి ఆమోదం తెలిపింది. అయితే బులీమియా, అంటే అతిగా తిని వాంతి చేసుకునే రుగ్మత, ఉన్న 55 మందిపై జరిపిన పరీక్షలో నలుగురికి మూర్ఛ వచ్చింది. 1986లో మందును వెనక్కి తీసుకున్నారు. తర్వాతి పరిశీలనలో మోతాదు పెరిగేకొద్దీ మూర్ఛ ప్రమాదం పెరుగుతుందని స్పష్టమైంది. రోజుకు 450 మిల్లీగ్రాములలోపు సుమారు వెయ్యిలో నలుగురికి మూర్ఛ రావచ్చు. 450 నుంచి 600 మధ్య ఆ ప్రమాదం దాదాపు పదిరెట్లవుతుంది. కాబట్టి 450 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితితో 1989లో మందు తిరిగి వచ్చింది. 1997లో పొగతాగడం మానడానికి కూడా అనుమతి లభించింది.

ఈ చరిత్ర మీకు నేర్పేదేమిటి? గతంలో మూర్ఛ వచ్చి ఉన్నా, బులీమియా లేదా తిండి మానేసే అనొరెక్సియా ఉన్నా ఈ మందు వాడకూడదు. అతిగా తాగేవారు మద్యాన్ని హఠాత్తుగా మానినా, నిద్రమాత్రలను ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఈ సంగతులు వైద్యునికి దాచకుండా చెప్పండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నమలకండి, పొడి చేయకండి. మందంతా ఒక్కసారిగా రక్తంలో చేరుతుంది. ఒక పూట మరచిపోతే మరుసటి పూట రెండు వేసుకోకండి.

24 ఏళ్లలోపు వారిలో, ముఖ్యంగా తొలి వారాల్లో, ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. కుటుంబ సభ్యులు గమనిస్తూ ఉండాలి. అలాంటి మాట వినిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

ఈ మందును తిరిగి తెచ్చినది హద్దు తెలుసుకోవడమే. మీ ఇంట్లోనూ అదే హద్దు దానిని మేలు చేసే మందుగా నిలుపుతుంది.