వేడిని మింగి కరిగే ఉప్పు

తుపాకిమందును భగ్గుమనిపించేదీ సురేకారమే, అక్బరు పాదుషా తాగే నీళ్లను చల్లబరిచిందీ సురేకారమే. ఆ కిటుకును ఆయన కొలువులోని చరిత్రకారుడు అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో కొలతలతో సహా రాసిపెట్టాడు. వెండి కూజాలో సేరు నీళ్లు పోసి మూతి బిగించాలి. వేరే పాత్రలో అయిదు సేర్ల నీళ్లు పోసి, రెండున్నర సేర్ల సురేకారం వేసి, అందులో కూజాను పావుగంట సేపు తిప్పాలి. రోములో బ్లాసియస్ విల్లాఫ్రాంకా అనే వైద్యుడు ద్రాక్షసారాయి చల్లబరచడానికి ఇదే ఉపాయాన్ని 1550లో పుస్తకానికెక్కించాడు.

ఉపాయం దొరికినా, కారణం దొరకడానికి మూడు వందల ఏళ్లు పట్టింది. దానంతట అది జరిగే ఏ మార్పయినా వేడి వెలువడే వైపే సాగుతుందని డెన్మార్క్‌లో థామ్సెన్, ఫ్రాన్స్‌లో బెర్తెలో అనే రసాయన శాస్త్రవేత్తలు వాదించారు. కట్టె కాలడం, సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుతలాడడం ఆ మాటకు సాక్ష్యాలే. సురేకారం మాత్రం ఎదురు సాక్ష్యం చెప్పింది. వేడిని మింగుతూ కూడా ఇష్టంగా కరిగింది.

వంటింటి ఉప్పుదీ ఇదే దారి. 58 గ్రాముల ఉప్పులోని సోడియం, క్లోరైడ్ అయాన్లను విడదీయడానికి సుమారు 787 కిలోజౌళ్లు కావాలి. వాటిని నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు తిరిగి వచ్చేది అంతకు నాలుగు తక్కువ. ఆ లోటును నీరే తన వేడిలోంచి పూడుస్తుంది. లీటరు నీటిలో ఆ ఉప్పు కరిగితే చల్లబడేది ఒక డిగ్రీ కూడా కాదు, అందుకే చేతికి తెలియదు. 101 గ్రాముల సురేకారమైతే 7, 8 డిగ్రీలు దిగుతుంది.

నష్టపోయి మరీ ఎందుకు కరగడం? బారులు తీరిన అయాన్లు గిన్నెంతా చెదిరి తిరగడానికి లెక్కలేనన్ని తీరులున్నాయి, బారులో ఉండడానికి తీరులు బహు కొద్ది. ఈ చెదురుబాటును కొలిచే రాశికి జర్మనీ భౌతికశాస్త్రవేత్త క్లాసియస్ 1865లో 'ఎంట్రోపీ' అని పేరు పెట్టాడు. వేడి లెక్కనూ ఎంట్రోపీ లెక్కనూ కలిపి చూస్తేనే మార్పు ఎటు సాగుతుందో తేలుతుందని అమెరికాలో గిబ్స్ 1870లలో, జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1882లో చూపారు. ఉప్పు విషయంలో లోటు 4 కిలోజౌళ్లయితే, గది వేడిమి దగ్గర ఎంట్రోపీ వాటా 13.

ఆ వాటా వేడితో పాటే పెరుగుతుంది. అందుకే 100 గ్రాముల మంచుచల్లని నీటిలో 13 గ్రాములే కరిగే సురేకారం మరిగే నీటిలో 240 గ్రాములకు పైగా కరుగుతుంది. ఉప్పు మాత్రం 36 నుంచి 39కి మించదు. బీహారులో సురేకారం తీసే నూనియాలకు ఈ సూత్రాలతో పని పడలేదు. మట్టిని కడిగిన నీటిని కాచేవారు, చల్లారనిచ్చేవారు. ఉప్పు చాలావరకు నీటిలోనే ఉండిపోయేది, సురేకారం పలుకులు పలుకులుగా అడుగున పేరుకునేది.