వెస్లీ అను ఇంటిపేరు మన యిండ్లకు వచ్చిన త్రోవ

మన సంఘముల బాప్తిస్మపు రిజిస్టరు తిరుగవేసినయెడల యోహాను, పౌలు, మరియమ్మ, రూతమ్మ అను పేర్ల నడుమ మరియొక పేరు మాటిమాటికి కనబడును. అది వెస్లీ. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ, ఉత్త వెస్లీ. ఈ పేరు పాతనిబంధనలో లేదు, క్రొత్తనిబంధనలోను లేదు. ఇది ఇంగ్లండు దేశపు ఇంటిపేరు. మనము దానిని పిల్లవాని స్వంత పేరుగా పెట్టి, దాని ముందర మన తెలుగు ఇంటిపేరు వ్రాసికొనుచున్నాము. ఒక దేశములోని ఇంటిపేరు మరియొక దేశములో పిల్లల పేరు ఎట్లాయెను? పేరు పెట్టు తలిదండ్రులును, ఆ పేరు మోయు పిల్లలును ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

పూర్వము ఇంగ్లండులో సామాన్య జనులకు ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన తరువాత భూములు, పన్నులు, వారసత్వపు హక్కులు క్రమముగా లెక్కలలోనికి ఎక్కెను. ఒకే ఊరిలో పదిమంది జానులున్నప్పుడు ఏ జాను పన్ను కట్టెనో, ఏ జాను కట్టలేదో తెలియవలెను గదా! సుమారు 1400 నాటికి ఎక్కువ కుటుంబములకు తండ్రినుండి కుమారునికి వచ్చు ఇంటిపేర్లు స్థిరపడెను. కొన్ని చేయు పనినిబట్టి వచ్చినవి. స్మిత్ అనగా కమ్మరి, టేలర్ అనగా దర్జీ. కొన్ని తండ్రి పేరునుబట్టి వచ్చినవి. జాన్సన్ అనగా జాను కొడుకు. కొన్ని ఒంటి రంగునుబట్టియో జుట్టు రంగునుబట్టియో వచ్చినవి. మన తెలుగు నిఘంటువు కూర్చిన సి. పి. బ్రౌను దొరగారి ఇంటిపేరు అట్టిది. మరి అనేకములు, మన ఇంటిపేర్లవలెనే, ఊరి పేరునుబట్టి వచ్చినవి. వెస్లీ ఈ చివరి జాతిలోనిది.

దాని పాత రూపము వెస్ట్‌లీ. వెస్ట్ అనగా పడమర. లీ అను మాటకు పాత ఇంగ్లీషులో అడవి అనియు, అడవి నడుమ చెట్లు కొట్టి చదును చేసిన చోటు అనియు అర్థము. కాబట్టి వెస్లీ అనగా పడమటి అడవిలో చదును చేసిన నేల. చండ్రుగొండ చుట్టుపట్ల నివసించు మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. గొడ్డలితో పొదలు నరికి, మొద్దులు కాల్చి, జొన్న చల్లు పోడు ఎట్లుండునో మన కండ్లకు తెలియును. మన ఊళ్ల పేర్ల చివర గూడెం, పాడు, పల్లి వచ్చినట్లే వారి ఊళ్ల పేర్ల చివర లీ వచ్చుచుండును. వెస్ట్‌లీ అను పేరుగల పల్లెలు ఇంగ్లండులో ఒకటికంటె ఎక్కువ ఉన్నవి. కనుక ఆ ఇంటిపేరుగల వారందరు ఒకే వంశస్థులని తలంపరాదు.

మనకు తెలిసిన వెస్లీ కుటుంబము ఒక పాదిరీల కుటుంబము. ముత్తాత బర్తొలొమాయి వెస్లీ. 1662లో ప్రభుత్వము క్రొత్త ప్రార్థనా పద్ధతికి అందరు ఒప్పుకొనవలెనని చట్టము చేసినప్పుడు, మనస్సాక్షి ఒప్పక సుమారు 2,000 మంది బోధకులు తమ ఉద్యోగములను పోగొట్టుకొనిరి. వారిలో ఈ బర్తొలొమాయియు, అతని కుమారుడైన జానును ఉండిరి. జాను చెరసాలలోను ఉండెను. అతని కుమారుడు సమూయేలు చిన్ననాడు తన పేరును వెస్ట్‌లీ అనియే వ్రాయుచుండెడివాడు. తరువాత అందులోని ఒక అక్షరమును విడిచి వెస్లీ అని వ్రాయనారంభించెను. ఈయన ఎప్‌వర్త్ అను పల్లెలో గురువుగా నుండెను. ఈయనకును భార్య సూసన్నమ్మకును 19 మంది పిల్లలు పుట్టిరి. వారిలో అనేకులు పసితనమందే పోయిరి. 1703లో పుట్టిన జాను, 1707లో పుట్టిన చార్లెసు వీరి కుమారులే.

ఇక్కడ కథ రెండు త్రోవలుగా చీలుచున్నది. ఐర్లండు దేశములో డంగన్ అను చోట గారెట్ వెస్లీ అను గొప్ప జమీందారు ఉండెను. ఆయనకు సంతానము లేదు. ఆ రెండు కుటుంబములకు చుట్టరికమున్నట్లు రుజువు లేదు గాని, ఇంటిపేరు ఒక్కటే. చార్లెసు వెస్ట్‌మినిస్టరు పాఠశాలలో చదువుకొను దినములలో ఆ జమీందారు కొన్ని యేండ్లు అతని చదువునకు సొమ్ము పంపెననియు, పిమ్మట తన వారసుడుగా రమ్మని పిలిచెననియు మెథడిస్టుల జీవితచరిత్రలు చెప్పుచున్నవి. తండ్రి ఆ నిర్ణయమును కుమారునికే విడిచెను. చార్లెసు వెళ్లనని చెప్పెను. అంతట ఆ ఆస్తి జమీందారునకు బంధువైన రిచర్డ్ కాలీ అనువానికి చేరెను. 1728లో అతడు వెస్లీ అను ఇంటిపేరు ధరించెను.

ఆ రిచర్డు మనుమలలో ఇద్దరు హిందూదేశమునకు వచ్చిరి. పెద్దవాడు గవర్నర్ జనరలైన రిచర్డు, చిన్నవాడు ఆర్థరు. వీరి పేరుయొక్క పూర్వరూపము వెల్లెస్లీ. అది సోమర్‌సెట్ జిల్లాలోని ఒక ఊరిపేరు. ఆ పాత రూపమునే వారు తిరిగి తెచ్చుకొనిరి. ఆర్థరు మన దేశమునకు వచ్చినప్పుడు తన పేరు వెస్లీ అనియే వ్రాయుచుండెను. 1798 మే నెలలో ఇక్కడ నుండగానే వెల్లెస్లీ అని మార్చుకొనెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1న గవర్నర్ జనరలుగారు నిజాము అలీఖానుతో ఒడంబడిక చేసికొనిరి. నిజాము తన ఫ్రెంచి అధికారుల పటాలములను తీసివేసి, ఇంగ్లీషు సైన్యమును తన ఖర్చుతో పోషించవలెను. దాని నిమిత్తము సాలుకు సుమారు 24 లక్షల రూపాయలు. 1800లో ఆ సొమ్మునకు బదులు బళ్లారి, కడప మొదలైన సీమలనే కుంపిణీవారికి ఇచ్చివేయవలసి వచ్చెను. వాటినే దత్తమండలములనిరి, 1928 నుండి రాయలసీమ అనుచున్నారు. మన ఖమ్మము ప్రాంతము అప్పుడు నిజాము ఏలుబడిలో నుండెను. ఈ విధముగా ఆ ఇంటిపేరు మొదట సంతకముగాను, సైన్యముగాను, కప్పముగాను మన నేలకు వచ్చెను.

రెండవసారి అది వేరు త్రోవను వచ్చెను. జాను వెస్లీ ఇంగ్లండు అంతట గుఱ్ఱముమీద తిరిగి, బొగ్గు గనుల కూలివాండ్రకు బయలు ప్రదేశములలో బోధించెను. చార్లెసు ఆరువేలకు పైగా కీర్తనలు వ్రాసెను. క్రిస్మసు నాడు మనము పాడు దూతల పాట ఆయనదే. అన్నదమ్ములిద్దరును చనిపోవువరకు ఇంగ్లండు సంఘపు గురువులుగానే యుండిరి. వారి పేరు పెట్టుకొనిన వెస్లియను మిషనువారు 1870ల చివర సికింద్రాబాదుకు వచ్చి, అక్కడనుండి మెదకు, కరీంనగరు పల్లెలకు వెళ్లిరి. మెదకులో చార్లెస్ పాస్నెట్ దొరగారి కాలమున కరువులో ఆకలిగొన్నవారికి పని, తిండి కల్పించుచు పెద్ద దేవాలయము కట్టిరి; అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మెదకువారును డోర్నకలువారును ఒకే సంఘములో చేరిరి.

సోదరులారా, సోదరీలారా, ఈ రెండు త్రోవలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. రాజ్యములను మార్చిన వెల్లెస్లీ పేరు తన కుమారునికి పెట్టిన తండ్రిని మన పల్లెలలో నేను చూడలేదు. జమీను వద్దన్నవాని ఇంటిపేరు మాత్రము పెంకుటిండ్లలోను, తాటాకు గుడిసెలలోను పిలువబడుచున్నది. జాను వెస్లీకి బిడ్డలే లేరు. 1791లో ఆయన కన్నుమూసినప్పుడు ఆయన పేరు నిలుపుటకు కుమారుడొక్కడును లేడు. అయినను అమెరికాలోను, మన దేశములోను లెక్కలేనంతమంది ఆ పేరు మోయుచున్నారు. అది రక్తమువలన వచ్చినది కాదు; కృతజ్ఞతవలన వచ్చినది.

అయితే పేరు పెట్టినంతమాత్రమున పని ముగిసినదని ఎవరును అనుకొనరాదు. అమెరికాలో టెక్సాసునందు ఒక మెథడిస్టు బోధకుడు 1853లో పుట్టిన తన కుమారునికి జాన్ వెస్లీ అని పేరు పెట్టెను. ఆ కుమారుడే జాన్ వెస్లీ హార్డిన్; అనేకులను కాల్చి చంపిన పేరుమోసిన హంతకుడు. తండ్రి పెట్టిన పేరు మంచిదే. కాని పేరు మనుష్యుని నడిపింపదు; మనుష్యుడే పేరును నడిపించును.

ఈ పేరు పెట్టుకొనుటకు మన ఇంటిపేరును విడిచిపెట్టనక్కరలేదు. మన ఇంటిపేర్లలోను తాతముత్తాతల ఊళ్లు, పనులు, చెట్లు దాగియున్నవి. రెండును కలిపి వ్రాసికొనుట తప్పు కాదు. కాని వెస్లీ అను పిల్లవాడు మీ యింట ఉన్నయెడల, ఆ మాటకు అర్థమేమో వానికి చెప్పుడి. అడవి కొట్టి చదును చేసిన నేల అని చెప్పుడి. చదును చేసిన నేలను ఒక్క వర్షకాలము వదలివేసినచో తుప్పలు మరల కమ్ముకొనును. ఏటేట దున్ని విత్తినవానికే అది పొలము.