ముదిమియు విశ్వాసమును



ముదిమి యనగానే మనకు స్ఫురించునవి నెరసిన తల, వణకు చేయి, మందగించిన చూపు. వీనిని నివారించుట యెవ్వరికిని శక్యము కాదు. దేహము వంగినను మనస్సు వంగకుండుటకు మార్గమేది యని ప్రతి మతమును తన రీతిని విచారించినది. మన పూర్వులు నాలుగాశ్రమముల నేర్పఱచి, సంసారభారమును పుత్రుల కప్పగించిన పిమ్మట వానప్రస్థమును విధించిరి. క్రైస్తవ మత మీ విషయమున నేమి చెప్పినదియు, దానిని నమ్మినవారు మన తెలుగునాట ముదిమి నెట్లు గడపినదియు నేటి ప్రసంగ విషయము.

ఈ విచారము మన సీమవారికి మిక్కిలి యవసరము. పెన్న యొడ్డున, గుత్తికిని అనంతపురమునకును నడుమనున్న మన పామిడి చుట్టుపట్ల వానలు తప్పిన యేట పడుచువారు పనులకై బెంగుళూరు దారి పట్టుదురు. ఇండ్ల వద్ద మిగులువారు ముసలివారును పసిపిల్లలును. “నే నిక నెవరికి పనికివత్తును?” అను దిగులు రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దల మనస్సులలో మెదలుచునే యుండును.

క్రైస్తవుల పవిత్ర గ్రంథమును చదివినవారికి ఒక విశేషము గోచరించును. అందు ఘనకార్యములకు పిలువబడినవారిలో వృద్ధులు పెక్కండ్రు. మోషే ఐగుప్తు రాజైన ఫరో యెదుట నిలిచి తన జనులను విడువుమని యడిగిననాటికి ఆయనకు 80 ఏండ్లు. కాలేబు అను వృద్ధుడు 85వ యేట యెహోషువ కడకు వచ్చి, శత్రువుల కోటలతో నిండిన కొండసీమనే తన వంతుగా నిమ్మని కోరెను. ఇట్లని యా గ్రంథము ముసలితనమును పొగడి యూరకుండలేదు. యేసు తన శిష్యుడైన పేతురుతో, ముసలివాడవైనప్పుడు ఇతరులు నీకు నడుము కట్టి, నీకు ఇష్టము లేని చోటికి మోసికొనిపోవుదురను నర్థము వచ్చునట్లు ముందుగనే చెప్పెను. బలమున్నంతకాలము పనిచేయుట, బలము తొలగినప్పుడు పరుల చేతికి లోబడుట, రెంటియందును దైవమును విడువకుండుట. వృద్ధులకు ఆ మతము చెప్పు ధర్మ మిదియే.

తెలుగునాట నిట్టి ముదిమిని తొలినాళ్లలో చూపినవారిలో పురుషోత్తమ చౌదరి యొకరు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జనించి, 1833లో క్రైస్తవ మతమును స్వీకరించెను. బంధువుల యాదరమును విడిచి వచ్చిన యాయనకు భాషాజ్ఞానము తోడై నిలిచెను. ఆయన రచించిన కీర్తనలు నేటికిని తెలుగు క్రైస్తవ దేవాలయములలో పాడబడుచున్నవి. ఆయన 1890 వఱకు జీవించెను. మతము మారిన పిమ్మట అర్ధశతాబ్దమునకు మించిన కాల మొకే విశ్వాసమున నిలిచిన జీవిత మది.

చౌదరిగారిది పాటల మార్గము. మన జిల్లాలో మనము కన్నులార చూచినది సేవా మార్గము. విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిను దేశమందలి బార్సెలోనా నగరమున జన్మించెను. యౌవనమున ఆ దేశపు అంతర్యుద్ధములో సైనికుడుగా నుండి, పిదప 1944లో యేసుసభ యను సన్న్యాసి సంఘమున చేరి, 1952లో బొంబాయికి వచ్చెను. మహారాష్ట్రమందలి మన్మాడులో బావులు త్రవ్వుకొను పేదరైతులకు గోధుమలును నూనెయు నిచ్చి తోడ్పడెను. ఆయన పలుకుబడి కొందఱకు కంటగింపుకాగా, 1968లో దేశము విడిచిపొమ్మని యుత్తరు వయ్యెను. అప్పుడు సుమారు 30,000 మంది రైతులు ఆయన పక్షమున బొంబాయికి నడిచిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధి మరల వచ్చుటకు అనుమతించెను.

1969లో ఆయన అనంతపురము చేరినప్పుడు ఆయనకు 49 ఏండ్లు. ఆ వయస్సున మనలో ననేకులు కొడుకు చేతికి కాడి నప్పగింప దలచుచుందురు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు నీ మెట్టసీమను ఆయన తన వంతుగా గ్రహించెను. కాలేబు కోరిన కొండసీమ యిట జ్ఞప్తికి వచ్చును. 1970లో యేసుసభను విడిచి, ఆంగ్ల వనితయైన ఆన్ పెర్రీని వివాహమాడెను. సన్న్యాసము విడిచెనే గాని సేవ విడువలేదు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కుల మత భేదము లేక పేదలకు ఇండ్లు కట్టించెను. ఆ యిండ్లను స్త్రీల పేర వ్రాయించెను. పాఠశాలలను నడపెను, చెఱువులను చెక్‌డ్యాములను నిర్మించెను, కళ్యాణదుర్గము, కణేకల్లులలో ఆసుపత్రులను నెలకొల్పెను.

ఇచ్చట వయస్సు లెక్కను గమనింపుడు. స్వదేశమున నీ పనికై ధర్మసంస్థను 1996లో స్థాపించునప్పటికి ఆయనకు 76 ఏండ్లు. బత్తలపల్లిలో పెద్దాసుపత్రి 2000లో తెఱువబడునప్పటికి 80. తాను నీడ ననుభవింపని చెట్లను నాటుచునే యాయన ముదుసలి యయ్యెను.

2009 మార్చిలో పక్షవాతము వచ్చెను. అంతవఱకు నితరులకు ఆధారమైన చేతికి ఇతరులే ఆధారమైరి. పేతురుతో చెప్పబడిన మాట ఆయనయెడల నెఱవేఱినది. జూన్ 19న అనంతపురమున, 89వ యేట, కన్నుమూసెను. బత్తలపల్లిలో ఆయనను సమాధి చేసిరి. భార్యయు కుమారుడును ఆ పనిని ముందునకు గొనిపోయిరి. తాను లేకున్నను సాగునట్లు పనిని సిద్ధపఱచుట వృద్ధుని కడపటి కర్తవ్యము; ఆయన దానిని తీర్చుకొనియే పోయెను.

మన వానప్రస్థము “నాది” యను పట్టును సడలింపు మనును. క్రైస్తవ బోధ “నీ పొరుగువానిని” చూడు మనును. పట్టు సడలిన చేయియే పొరుగువాని కందును గనుక ఈ రెండు బోధలకును వైరము లేదు. మనము ఆసుపత్రులను కట్టజాలకపోవచ్చును. తల్లిదండ్రులు బెంగుళూరిలో నుండగా వీథిలో తిరుగు పసివానిని సాయంకాలము చెంత కూర్చుండబెట్టుకొని నాలుగక్షరములు దిద్దించుట మన చేతిలోని పని. ఎండిన బావి గట్టున నొక వేపమొక్కకు చెంబెడు నీరు పోయుట మన చేతిలోని పని. మంచము పట్టిన నాడు కోడలి చేతి గంజిని విసుగు లేక పుచ్చుకొనుటయు నొక తపస్సే.

“నే నెవరికి పనికివత్తును?” అను ప్రశ్నను రచ్చకట్ట మీద కూర్చుండి తలపోసినంత కాలము దానికి సమాధానము దొరకదు. లేచి పొరుగింటి తలుపు తట్టినచో సమాధానము లోపలినుండియే వచ్చును.